రియాలిటీ షోలో రాసేవాళ్లకి పనేంటి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పాఠకులు పంపిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ నెల జవాబులు రాస్తున్నాను. నేను బరంపురంలో పుట్టి పెరిగాను. ముంబైలోనూ హైదరాబాద్‌లోనూ రియాలిటీ షోల స్టోరీ టీముల్లో పనిచేస్తూ వస్తున్నాను. అందుకే సంపాదకులు వీటిని నా దగ్గరికి పంపారు.

ప్రశ్న: అక్కా, బరంపురం యూనివర్సిటీలో జర్నలిజం పూర్తి చేశాను. ముంబైలో ఒక రియాలిటీ షోకి లాగర్‌గా రమ్మన్నారు. బాగా చేస్తే స్టోరీ అసిస్టెంట్‌ని చేస్తామంటున్నారు. మా నాన్నగారు మాత్రం, “జరిగింది జరిగినట్టు చూపించే ప్రోగ్రాంలో రాయడానికేముంటుంది? రాస్తున్నారంటే అబద్ధాలు రాస్తున్నట్టే. దానికోసం అంత దూరం వెళ్లాలా?” అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు. అసలు ఆ ఉద్యోగంలో ఏం చేస్తారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చెల్లీ, మీ నాన్నగారి మాటకి జవాబు దొరక్కుండా రైలెక్కకు. ఆయన అడిగినది ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ తమని తాము అడుగుతూ ఉండాల్సిందే.

ముందు పని ఎలా ఉంటుందో చెబుతాను. పదిమందిని ఒక ఇంట్లో పెట్టి ఇరవైనాలుగు గంటలూ కెమెరాలు నడిపే షో ఉందనుకో. అన్ని కెమెరాలూ కలిపితే రోజుకి వందల గంటల ఫుటేజ్ పోగుపడుతుంది. టీవీలో వచ్చేది గంట. అందులో ప్రకటనలకి గంటకి 12 నిమిషాల దాకా నిబంధన ఒప్పుకుంటుంది. అంటే చేతిలో మిగిలేది ముప్పావు గంటకి కాస్త పైన. ఆ వందల గంటల్లోంచి ఈ కాసేపు దేన్ని తీసుకోవాలి, ఏ వరసలో పెట్టాలి, ఎవరి మాటతో మొదలుపెట్టాలి, ఎక్కడ బ్రేక్ ఇవ్వాలి అని తేల్చేది స్టోరీ టీమ్.

ఈ టీములో అందరికంటే ముందు ఫుటేజ్ చూసేది లాగరే. ఒక మానిటర్, హెడ్‌ఫోన్స్, ఒక ఎక్సెల్ షీట్ ఇస్తారు. షిఫ్టంతా చూస్తూ, వింటూ, టైమ్‌కోడ్ వేసి రాసుకుంటూ పోవాలి. టైమ్‌కోడ్ అంటే గంట, నిమిషం, సెకను, ఫ్రేము. మన టీవీలో సెకనుకి 25 ఫ్రేములు. “వంటింట్లో పెద్ద గొడవ” అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ఇలా రాయాలి:

14:22:10 – పాలు పొంగాయి. స్టవ్ దగ్గర ఎవరూ లేరు.
14:22:31 – నీలం చొక్కా ఆయన వచ్చి స్టవ్ ఆపాడు.
14:23:05 – పసుపు చుడీదార్ అమ్మాయి లోపలికొచ్చింది. “నువ్వేగా పెట్టావు” అన్నాడు. “నేను కాదు” అంది. నవ్వలేదు.

ఆ చివరి మాట ఎందుకు రాయాలో ఎడిట్ గదిలో తెలుస్తుంది. రెండు రోజులు పోయాక ఎవరో ఒకరు, “ఇక్కడ ఆ అమ్మాయి నవ్వే షాట్ పడితే సీను లేస్తుంది” అంటారు. అలాంటి షాట్ దొరుకుతుంది కూడా. పొద్దున్న తోటలో ఇంకెవరి జోకుకో ఆమె నవ్వే ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే, తప్పు చేసి పైగా నవ్వుతున్న పొగరుబోతు అయిపోతుంది ఆమె. చూసేవాళ్లకి ఆ అతుకు తెలియదు. నీ లాగ్‌లో “నవ్వలేదు” అని ఉంటే, “ఇది జరగలేదండీ” అని చూపించడానికి ఆ గదిలో ఒక కాగితమైనా ఉంటుంది. కొత్తగా చేరిన లాగర్ రాసిన కాగితమైనా సరే, దానికి విలువుంటుంది.

మాటలకీ ఇలాంటి అతుకులు పడతాయి. ఒక వాక్యంలో ముందు సగం సోమవారం ఇంటర్వ్యూలోంచి, వెనక సగం గురువారం ఇంటర్వ్యూలోంచి తెచ్చి కలిపేస్తారు. అమెరికాలో దానికి ఫ్రాంకెన్‌బైట్ అని పేరే ఉంది. ఈసారి ఏ షో అయినా చూసేటప్పుడు గమనించు. మనిషి ముఖం కనబడకుండా గొంతు మాత్రం వినబడుతూ, తెరమీద గోడో గిన్నో నడుస్తుంటే అక్కడ చెవి పెట్టు. ప్రతిసారీ అది మోసం కాదు, కొన్నిసార్లు దగ్గూ నసుగుడూ తీసెయ్యడానికి కూడా అలా చేస్తారు. అయినా అతుకు దాచే చోటు అదే.

కాబట్టి మీ నాన్నగారితో ఇలా చెప్పు. గంట మాట్లాడిన మనిషి మాటల్లోంచి రెండు నిమిషాలు ఏరుకోవడం అబద్ధం కాదు, ఏ పేపరు విలేకరైనా చేసే పనే. ఒకామె మొదట ఏడిచి, ఒకాయన ఆ తర్వాత తిడితే, తిట్టినందుకే ఏడ్చిందని చూపించడం మాత్రం అబద్ధం. ఎంతైనా కుదించు, ముందూ వెనకా తారుమారు చెయ్యకు. నేను పెట్టుకున్న హద్దు ఇదే. ప్రతి టీములోనూ ఈ హద్దు గురించి వాదించాల్సి వస్తుంది. కొన్నిసార్లు మాట నెగ్గుతుంది, కొన్నిసార్లు నెగ్గదు. నెగ్గని చోట మళ్లీ పని ఒప్పుకోను. నీకు మొదట్లో అంత స్వేచ్ఛ ఉండదు, నాకు తెలుసు. కానీ లాగ్ నిజాయితీగా రాసే స్వేచ్ఛ మొదటి రోజు నుంచీ ఉంటుంది.

ఇక అక్షరాలా కూర్చుని రాసేవి కూడా బోలెడు. యాంకర్ చెప్పే లింకులు, వాయిస్‌ఓవర్, టాస్కుల నియమాలు అన్నీ రాసినవే. తర్వాత పేపర్ ఎడిట్ వస్తుంది. ఎడిటర్ చెయ్యి పెట్టకముందే ఏ బైట్ (ఇంటర్వ్యూలోంచి తీసుకున్న మాట ముక్క) తర్వాత ఏ సీను, మధ్యలో ఎవరి మాట అని టైమ్‌కోడ్‌లతో సహా కాగితం మీద ఎపిసోడ్ అంతా కట్టి ఇవ్వడం. నా దృష్టిలో ఇది పూర్తిగా రచనే. అందరూ అలా ఒప్పుకోరు. 2006లో అమెరికాలో ఒక మోడలింగ్ రియాలిటీ షో స్టోరీ టీమ్‌లోని 12 మంది, మమ్మల్నీ రచయితలుగా గుర్తించండి, రైటర్స్ గిల్డ్ (అక్కడి రచయితల సంఘం) ఒప్పందం కిందికి తీసుకురండి అని సమ్మె చేశారు. వాళ్ల కోరిక నెరవేరలేదు, ఉద్యోగాలూ పోయాయి. ఆ పన్నెండుగురి గురించి నువ్వు చదవాలి, ఎందుకంటే నువ్వు చెయ్యబోయేది వాళ్ల పనే.

ఇంటర్వ్యూ చెయ్యడం కూడా నేర్చుకోవాలి. బైట్‌లో అడిగేవాళ్ల గొంతు తీసేస్తారు, అందుకని ప్రశ్నని కలుపుకుని జవాబు చెప్పమని ముందే చెప్పాలి. “మీకు కోపం వచ్చిందా?” అంటే “ఆఁ, వచ్చింది” అంటారు. దానితో ఏమీ చెయ్యలేం. “ఆ సాయంత్రం గదిలోకి వెళ్లగానే ఏం చేశారో మొదట్నుంచీ చెప్పండి” అంటే కథ వస్తుంది. పెద్ద పెద్ద భావాల గురించి అడక్కు. “నాన్న పోయినప్పుడు ఎలా అనిపించింది” అనే ప్రశ్న మనిషిని గోడకి నొక్కినట్టుంటుంది. “ఆ వారం ఇంట్లో వంట ఎవరు చేశారు” అని అడిగితే, వాళ్లకి ఎంత చెప్పాలనిపిస్తే అంతే చెబుతారు.

మన బరంపురం వాళ్లకి ఇందులో ఒక లాభం ఉంది. ఇంట్లో తెలుగు, బడా బజార్‌లో ఒడియా, టీవీలో హిందీ వింటూ పెరిగాం. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడి అమ్మ ఫోన్‌లో ఏదో అంటుంది, ముంబై గదిలో అందరూ నీ వైపు చూస్తారు. అప్పుడు ఆవిడ ఏమంటే అదే చెప్పు. “వాడొస్తాడనుకుని అన్నం ఎక్కువ వండేశాను” అంటే అదే చెప్పు. “కొడుకు కోసం ప్రాణం పెట్టేస్తోంది” అని పెద్దది చెయ్యకు. అన్నం మాటే బాగుంటుంది, పైగా అది ఆవిడది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇది నెల జీతం ఉద్యోగం కాదు, ప్రాజెక్టు లెక్క. షో అయిపోతే పని అయిపోయినట్టే. బిల్లు పెట్టాక డబ్బు రావడానికి ఆలస్యమవడం మామూలే, అందుకని చేతిలో కొన్ని నెలల ఖర్చు లేకుండా వెళ్లకు. డబ్బు ఇచ్చేటప్పుడే టీడీఎస్ అని కొంత పన్ను పట్టుకుంటారు, పన్ను పడనంత ఆదాయమైతే రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. షిఫ్టు ఎన్ని గంటలు, రాత్రి షిఫ్టయితే ఇంటికి దింపే బండి ఉందా, తెరమీద పేరు వేస్తారా అనే మూడింటినీ సంతకానికి ముందే మెయిల్‌లో రాయించుకో. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కాంట్రాక్టు మీద చేరినవాళ్లకీ అది వర్తిస్తుంది. ఆ కమిటీ ఎవరో మొదటి వారంలోనే అడుగు. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. అనుకుంటే ఆ చోటు ఎలాంటిదో నీకు ముందే తెలిసిపోతుంది.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్ బరంపురం మీదుగానే పోతుంది కదా, అదే రైలు సికింద్రాబాద్ మీదుగా ముంబై చేరుతుంది. మీ నాన్నగారికి ముంబై మరీ దూరమనిపిస్తే మొదట హైదరాబాద్‌లో ప్రయత్నించు. తెలుగు షోలు అక్కడే ఎక్కువ తయారవుతాయి, పనీ అదే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అక్క కూతురికి 12 ఏళ్లు. పాట బాగా పాడుతుంది. ఒక పాటల షోకి ఎంపికైంది, హైదరాబాద్‌లో షూటింగ్. ముందు మా ఇంటికొచ్చి పిల్ల గురించి వీడియో తీస్తామన్నారు. ఫోన్‌లో అడిగిన ప్రశ్నలన్నీ రెండేళ్ల కిందట పోయిన మా బావగారి గురించే. మా అక్క ఆ సంగతి టీవీలో వద్దంటోంది. పిల్ల కూడా “నాన్న గురించి చెప్పను” అంటోంది. కాదంటే షోలోంచి తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?
– పిల్ల మేనమామ, గుణుపురం

జవాబు: అన్నగారూ, మీ అక్కగారు వద్దంటే వద్దే. పిల్ల కూడా వద్దంటోంది కాబట్టి ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు. 14 ఏళ్ల లోపు పిల్లలు టీవీలో పనిచెయ్యడానికి బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. పిల్ల ఇష్టం లేకుండా దేనిలోనూ పాల్గొనేలా చెయ్యకూడదని వాటిలోనే ఉంది. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర నిర్మాతలు అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలకి మించి, విరామం లేకుండా 3 గంటలకి మించి పిల్లతో పని చేయించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. “అనుమతి కాగితం చూపిస్తారా?” అని మర్యాదగా అడగండి. నిబంధనలు తెలిసినవాళ్లతో మాట్లాడుతున్నామని వాళ్లకి అర్థమవుతుంది, మాట తీరూ మారుతుంది.

వాళ్లు తీస్తామంటున్న వీడియోని మేము “ఏ.వీ.” (ఆడియో విజువల్) అంటాం. పాటకి ముందు వచ్చే చిన్న పరిచయం. దాన్ని రాసేవాళ్ల మీద ఒత్తిడి ఉంటుంది. పోయిన వారం ఏడుపు బాగా నడిచింది కాబట్టి ఈ వారమూ ఏడుపు కావాలంటారు పైవాళ్లు. మీకు ఫోన్ చేసిన కుర్రాడో అమ్మాయో చెడ్డవాళ్లయి ఉండరు. సాయంత్రంలోగా ఒక పేజీ రాసి పంపాలి, చేతిలో ఉన్న ఒకే ఒక సంగతి మీ బావగారిది. వాళ్లకి ఇంకో సంగతి మీరే ఇవ్వండి. పిల్ల ఎక్కడ కూర్చుని సాధన చేస్తుంది? శ్రుతి దేనిలో పెట్టుకుంటుంది, పెట్టెలోనా, ఫోన్‌లోనా? పక్కింటివాళ్లు ఏమంటారు? పాటలో ఏ సంగతి దగ్గర గొంతు పలకక మళ్లీ మళ్లీ పాడుతుంది? ఆ పలకని చోటు కెమెరా ముందు పాడి చూపించమనండి. వంశధార ఒడ్డున నడుస్తూ పాడే షాట్ ఒకటి వాళ్లే అడుగుతారు, సరే అనండి.

ఈ మాట నేను గట్టిగా చెప్పడానికి కారణం మా ఊళ్లోనే ఉంది. ఇండియాస్ గాట్ టాలెంట్ మొదటి సీజన్‌ని 2009లో గెలిచిన ప్రిన్స్ డాన్స్ గ్రూప్ మా బరంపురం వైపుదే. టి. కృష్ణమోహన్ రెడ్డి గారు తయారుచేసిన బృందం. కూలి పనికి వెళ్లే కుర్రాళ్లు గెలిచారని దేశమంతా చెప్పుకుంది, ఇప్పటికీ అదే చెప్పుకుంటుంది. అది నిజమే. కానీ వాళ్లని గెలిపించింది కూలి కాదు. ఒంటినిండా వెండి రంగు పూసుకుని, ఒకరి మీద ఒకరు నిలబడి, మనుషులతోనే దేవుడి రూపం కట్టేవారు. అడుగున ఉన్నవాడి మోకాలు కదిలితే పైన రూపమంతా చెదిరిపోతుంది. ఆ మోకాలు కదలకుండా ఉండటం ఎలా నేర్చుకున్నాడు? ఎవరు ఎవరి బరువు మొయ్యాలని ఎలా తేల్చుకున్నారు? వాళ్ల “ఏ.వీ.” రాసే అవకాశం నాకు వస్తే నేనడిగే ప్రశ్నలు అవి. పేదరికం గురించి విని జాలిపడిన ప్రేక్షకుడు వారం తిరక్కుండా మరిచిపోతాడు. పని ఎంత కష్టమో చూసినవాడు ఆ మనిషిని గౌరవిస్తాడు. మీ మేనకోడలు షో అయ్యాక తిరిగి గుణుపురం బడికే వెళ్లాలి. అక్కడ పిల్లలు ఆమెని “తండ్రి లేని పిల్ల” అని కాకుండా ఆ పాట పాడిన పిల్ల అని పిలవాలి కదా.

ఇన్ని చెప్పినా తీసేస్తామంటే, అన్నగారూ, తీసెయ్యనివ్వండి. గొంతు ఆమె దగ్గరే ఉంటుంది. ఒప్పందం కాగితంలో “జీవిత కథ హక్కులు” లాంటి మాట ఎక్కడైనా కనిపిస్తే, లాయరుకి చూపించకుండా మీ అక్కగారి చేత సంతకం పెట్టించవద్దు.

ప్రశ్న: ఒక్క ముక్కలో చెప్పండి. రియాలిటీ షోలు స్క్రిప్టా, కాదా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: పరిస్థితిని రాస్తారు, మనుషుల్ని రాయరు. క్విజ్ షోలో ప్రశ్న రాసిందే, జవాబు తోచక ఆ మనిషి నీళ్లు తాగడం ఎవరూ రాయలేదు. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలై 2017లో తెలుగులోకి వచ్చిన బిగ్ బాస్ తరహా షోల్లో టాస్కు రాస్తారు. ఎవరు ఎవరితో మాటలు మానేస్తారో రాయలేరు. అయితే ఎవరిని ఎవరికి జోడీగా పెట్టాలి, ఏ రోజు ఇంటినుంచి ఉత్తరం ఇవ్వాలి అని నిర్ణయించడం కూడా రాతే అని నేను అనుకుంటాను. కొన్ని షోల్లో మాటలు కూడా ముందే ఇస్తారు. అవి పలికేటప్పుడు మనిషి కళ్లు ఎదుటి మనిషి మీద ఉండవు, గమనించండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు, మీ బరంపురం పట్టు లాంటి చేతిపనులవాళ్లందరినీ ఒకచోట చేర్చి పోటీ పెట్టే టీవీ షో ఒకటి ఊహించాను. ఎవరికైనా చెబితే కొట్టేస్తారేమోనని భయం. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఆలోచనకి కాపీరైట్ ఉండదు, రాసినదానికి ఉంటుంది. కాబట్టి “చేతిపనుల పోటీ” అని ఒక్క వాక్యం ఎవరికీ చెప్పకండి, పూర్తిగా రాయండి. ఎంతమంది, ఎన్ని ఎపిసోడ్‌లు, ఒక ఎపిసోడ్ మొదట్నుంచి చివరిదాకా ఏం జరుగుతుంది, ఎవరు ఎలా నిర్ణయిస్తారు అన్నీ రాయాలి. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యులైతే ఆన్‌లైన్‌లోనే దాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ తర్వాతే పంపండి, అదీ మెయిల్‌లోనే. నోటిమాటకి సాక్ష్యం ఉండదు.

మీ ఆలోచన నాకు నచ్చింది, అందుకే ఒక ఇబ్బంది చెబుతాను. కొమ్ముని వేడిచేసి వంచడం కెమెరాకి బాగుంటుంది, ఆ తర్వాత గంటలకొద్దీ అరగదీసి నునుపు తేవడం తెరమీద ఎలా నడుస్తుంది? ఛానెల్‌వాళ్లు గడియారం పెట్టి తొందరపెట్టమంటారు. తొందరపెడితే ఆ పని పాడవుతుంది, ఆ కళాకారుడికి తన ఊళ్లో తలవంపు. కాబట్టి ఆయన పనికి పట్టే సమయాన్ని కుదించకుండా పోటీ ఎలా నడపాలో మీరే తేల్చి రాయండి. ఓడిపోయి వెళ్లిపోయే మనిషిని మీ షో ఎలా సాగనంపుతుందో దానికి ఒక పేజీ కేటాయించండి. మీరు బడిలో పిల్లలకి మార్కులు వేసినవారు కాబట్టి అది మాకంటే మీకే బాగా తెలిసి ఉండాలి. ఆ రెండూ రాశాక, రిజిస్టర్ చేయించాక, పత్రిక చిరునామాకి ఒక కాపీ పంపండి. చదివి నా మాట చెబుతాను.